పంటి మొగ్గలు

ఆ రోజు పొద్దున ఆస్పత్రి వరండాలో నేను ఒక్కచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. లోపల మా చెల్లెలు ఒల్ఫా నొప్పులు పడుతోంది. ఏడో నెల నిండిందో లేదో, తెల్లారేసరికి ఉమ్మనీరు పోయింది. బయట శహీలీ కొడుతోంది. ఎడారి మీంచి వచ్చే ఆ వేడిగాలికి నోట్లో ఇసుక కరకరలాడుతోంది. తలుపు దాకా నడుస్తాను, చెవి ఒగ్గుతాను, మళ్ళీ కిటికీ దగ్గరికి వస్తాను.

"అమ్మా, కాస్త కూర్చోండి. మీరలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని నర్సు కసిరింది.

"నీ కళ్ళ సంగతి తర్వాత, ముందు మా చెల్లెల్ని చూడు" అన్నాను.

నా నోరు అంతే. నజీహాకి నోట్లో ఉన్నది నాలుక కాదు కత్తెర అని మా మ్యూజియంలో అందరూ అంటారు. నా ముందే అంటారు.

ఒల్ఫాకి ఇది మూడో కానుపు. ముందు రెండూ దక్కలేదు. ఆ ఇద్దరికీ పేర్లు లేవు. మా దగ్గర పద్ధతి అది. పుట్టిన బిడ్డ ఒక్కసారైనా ఏడవాలి. ఏడిస్తే ఆ బిడ్డ ఈ లోకంలోకి వచ్చి వెళ్ళినట్టు లెక్క. స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టి, నమాజు చదివి, పేరు పెట్టి పూడుస్తారు. ఏడవకపోతే నెత్తురు తుడిచి, ఒక గుడ్డలో చుట్టి, సముద్రం పక్కనున్న ఖబరస్తాన్‌లో గోడవారగా పెట్టేసి వస్తారు. నమాజు లేదు, పేరు లేదు, రాయి లేదు. రెండో బిడ్డ పోయాక ఒల్ఫా ఒకనాడు ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఆ గోడ పొడుగునా వెతికింది. ఎక్కడ పెట్టారో చూపించే నాథుడు లేడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను. దారి పొడుగునా ఒకటే మాట, "పేరుంటే పిలిచేదాన్ని కదక్కా" అని.

అందుకే ఈసారి నాకు కాలు నిలవలేదు.

దానికి తోడు ఫోను. మా డైరెక్టరు సీ ముఖ్తార్, అంటే ముఖ్తార్ గారు. ఒకసారి కట్ చేశాను, మళ్ళీ చేశాడు. ఇంకోసారి కట్ చేశాను, మళ్ళీ చేశాడు. మర్నాడు మ్యూజియానికి రాజధాని నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. కొత్త గది తెరవాలి. గదిలో గోడ మీద పెట్టే బోర్డు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. దాని మీద ఏం రాయాలో చెప్పాల్సింది నేను. నేను చెప్పడం లేదు.

నా పని గురించి చెప్తే జనం ముందు నవ్వుతారు, తర్వాత చేతులు కడుక్కున్నావా అని అడుగుతారు. చచ్చిపోయిన పసిపిల్లల పళ్ళు కొలుస్తాను. పళ్ళని కూడా అనకూడదు. చిగురు లోపలే ఉండి, ఇంకా బయటికి రాని మొగ్గలు. ఒక్కోటి కందిబద్దలో సగం ఉంటుంది. మా ఊరికి దక్షిణాన ఆలివ్ తోటల కింద పాతకాలపు కుండలున్నాయి. రోమన్లు రాకముందు ఇక్కడ బతికినవాళ్ళు పెట్టినవి. ఒక్కో కుండలో గుప్పెడు బూడిద, కాలిన ఎముక ముక్కలు, రెండు మూడు పూసలు, కొన్నిట్లో గొర్రెపిల్ల ఎముకలు. మనుషుల ఎముకలు మాత్రం అన్నీ పసికందులవే.

వాటిని మొదట చూసింది పండితులు కాదు, మా ఆక్టోపస్ జాలర్లు. ఆక్టోపస్‌ని పట్టడానికి మావాళ్ళు మట్టికుండలు తాడుకి కట్టి సముద్రంలో దించుతారు. చీకటి కుండ కనిపిస్తే చాలు, ఇల్లు దొరికిందనుకుని అది దూరిపోతుంది. కుమ్మరి దగ్గర కొనే పని తప్పిందని, తోటల్లో దొరికిన కుండల్ని తెచ్చుకుని, లోపలున్న బూడిద ఒడ్డున పారబోసి, ఏళ్ళ తరబడి వాడుకున్నారు. ఒల్ఫా మామగారూ వాడాడు, పోయేముందు దాకా. ఆ బూడిద ఏమిటో తెలిసినరోజు ఒల్ఫా మొగుడు, మా మరిది లస్సాద్ అన్నం ముట్టలేదు.

అసలు గొడవ ఏమిటంటే, ఈ పిల్లలు ఎలా పోయారన్నది. మన పూర్వీకులు బతికున్న పిల్లల్ని దేవుళ్ళకి కాల్చి ఇచ్చారని ఎప్పటి నుంచో ఒక మాట ఉంది. బడిపిల్లలు మ్యూజియంకొచ్చి మొదట అడిగేది అదే. ఫుట్‌బాల్ ఆటల్లో పక్క ఊరివాళ్ళు మావాళ్ళని "పిల్లల్ని కాల్చుకు తిన్నోళ్ళు" అని అరుస్తారు. సీ ముఖ్తార్‌కి అది కడుపుమంట. ఈ పిల్లలంతా పుట్టకముందే పోయారు, ఇది పాపం తల్లులు పెట్టుకున్న శ్మశానం, అంతే అని బోర్డు రాయించాలని ఆయన కోరిక. నాకు మాత్రం లేదా ఆ కోరిక? నేనూ ఈ ఊరిదాన్నే కదా. కానీ మొగ్గ చిన్నదైతే చచ్చి పుట్టింది, పెద్దదైతే బతికి పుట్టింది అని మధ్యలో ఒక గీత గియ్యమంటాడు. అక్కడే నాకూ ఆయనకీ చెడింది.

ఆ రోజు వరండాలో ఫోనెత్తడం నాదే బుద్ధితక్కువ. ఎత్తాను.

"నజీహా, ఒక్క అంకె చెప్పు. బోర్డు రాసేవాడు నా ఎదురుగా కూర్చున్నాడు. కాఫీ తాగడం కూడా అయిపోయింది వాడికి" అన్నాడు.

"నేను ఆస్పత్రిలో ఉన్నాను."

"తెలుసు, అల్లా చల్లగా చూడాలి. అంకె చెప్పడానికి ఒక్క నిమిషం. ఇంతకన్నా చిన్న మొగ్గలన్నీ కడుపులో పోయినవే అని చెప్పు, చాలు."

"ఎలా చెప్పమంటారు? ఒకే నెలలో పుట్టిన పిల్లలందరికీ చెవులు ఒకే సైజులో ఉంటాయా? పళ్ళూ అంతే. అమ్మ తిన్న తిండిని బట్టి, వంశాన్ని బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారతాయి. పైగా అవి నిప్పులో కాలాయి. కాలితే కుంచించుకుపోతాయి. ఎంతని ఎవడికి తెలుసు?"

"నువ్వే చేశావు కదా ఆ గొర్రెపిల్లల ప్రయోగం!"

చేశాను. ఈనేటప్పుడే చచ్చిపోయిన గొర్రెపిల్లల దవడలు కసాయి దగ్గర అడిగి తెచ్చి, మొగ్గలు తీసి కొలిచి, మా వీధి రొట్టెల బట్టీలో పెట్టి కాల్చాను. బట్టీవాడు నన్ను బండబూతులు తిట్టాడు, నా రొట్టెల పక్కన శవాలు కాలుస్తావా అని. చివరికి తేలింది ఏమిటంటే, ఒక మొగ్గ కాస్తే తగ్గింది, దాని పక్కది బాగా తగ్గింది. ఒకే దవడలోవి, ఒకే మంటలో.

"చేశాను కాబట్టే చెప్తున్నాను" అని అరిచాను. "చిన్నగా ఉన్నంత మాత్రాన బతకలేదని రాయడం కుదరదు! సైజు చూసి ప్రాణం ఉందో లేదో ఎవరు చెప్పారండీ ఎప్పుడైనా?"

తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చి నా పక్కనుంచే డాక్టరు కోసం పరిగెత్తింది. తలుపు దానంతట అదే మూసుకుంది. నేను ఫోన్లో అరుస్తూనే ఉన్నాను. కోపం వస్తే నాకు ఒళ్ళు తెలియదు. ఆయనేదో అన్నాడు, నేనేదో అన్నాను. డాక్టరూ నర్సూ పరుగున వెనక్కి వచ్చి లోపలికి దూరాక గానీ నాకు స్పృహ రాలేదు. ఫోను కట్టేసి తలుపుకి చెవి ఆనించాను. లోపల ఇనపగిన్నె చప్పుడు తప్ప ఏమీ లేదు.

కాసేపటికి డాక్టరు బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు. ఆడపిల్ల. తాము వచ్చేసరికే ఊపిరి లేదన్నాడు. నర్సుని పట్టుకుని అడిగాను, ఏడ్చిందా అని. "బిడ్డని తల్లి పొట్ట మీద పెట్టి డాక్టరు కోసం పరిగెత్తానమ్మా. నేనున్నంతసేపూ ఏడవలేదు. ఆ తర్వాత సంగతి నాకు తెలీదు. బయటే ఉన్నారుగా, మీకేమైనా వినిపించిందా?" అంది.

నాకేం వినిపిస్తుంది? నా గొంతే నాకు వినిపించింది. తలుపుకి ఇవతల నిలబడి, రెండు వేల ఏళ్ళ కిందట చచ్చిన పిల్లలు ఏడ్చారా లేదా అని పోట్లాడుతున్నాను. అవతల నా చెల్లెలి కూతురు ఏడ్చిందో లేదో వినలేదు. నన్ను నేను చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపించింది.

లోపలికి వెళితే ఒల్ఫా నా మణికట్టు పట్టుకుంది. మొహం సున్నం కొట్టినట్టుంది. "ఏడ్చిందక్కా" అంది. "నేను విన్నాను. వాళ్ళు నమ్మరు. ఈసారి కూడా గోడపక్కన పెట్టేస్తారు. నువ్వెళ్ళి చెప్పు. దుర్రా అని పెట్టమను. దుర్రా."

"చెప్తాను."

"ప్రమాణం చెయ్యి."

చేశాను. ఆ ప్రమాణం ఎలా నిలబెట్టుకోవాలో తెలియకుండానే చేశాను.

లస్సాద్ ఆస్పత్రికొచ్చి బిడ్డని ఇంటికి తీసుకెళ్ళాడు. వెనకాలే నేను ఆ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం నమాజు అయిపోయింది. సాయంత్రపు అసర్ నమాజు అవగానే పూడుస్తారు, చలికాలం కాదు కదా ఆగడానికి. వాకిట్లో ఆక్టోపస్ కుండలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు జాలర్లు గోడనీడన నిలబడి నన్ను చూసి తల దించుకున్నారు. లస్సాద్ గుమ్మంలో కూర్చుని సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తున్నాడు. మనిషి మంచివాడే, కానీ కష్టం వస్తే వెంటనే దాన్ని కళ్ళముందు నుంచి తీసెయ్యాలి అతనికి.

"ఒల్ఫా ఏడ్చిందని చెప్తోంది" అన్నాను.

"నాకూ చెప్పింది వదినా. ఏం చెయ్యమంటావు? రెండోసారి కూడా అలాగే చెప్పింది, గుర్తులేదా? అప్పుడు లోపల నలుగురున్నారు. ఎవరూ వినలేదు."

"అప్పటి మాట వేరు."

"ప్రతిసారీ వేరే. పోనీ వదినా. తొందరగా కానిద్దాం. దాన్ని అలా బల్ల మీద చూడలేకపోతున్నాను."

లోపల దౌజా అత్త, అంటే లస్సాద్ తల్లి, పాత దుప్పటి చింపి పేలికలు చేస్తోంది. నేను ఆమె చేతిలోంచి గుడ్డ లాక్కున్నాను.

"ఇదేమిటిది? కఫన్‌కి కొత్త గుడ్డ తెప్పించు."

"కఫన్ ఎందుకే? నీకు పిచ్చి పట్టిందా? చూడు దాన్ని. అరచేతికి సరిపోయింది. ఇంత పిసరు గొంతులోంచి ఏడుపు వస్తుందా? నేను ఎనిమిది మందిని కన్నాను, నాకు చెప్పకు."

"సైజు చూసి చెప్తావా అత్తా?"

"మరి దేన్ని చూసి చెప్పాలి? నీ కొలబద్ద తెచ్చి కొలువు, నీకెలాగూ అదే పని."

నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున సీ ముఖ్తార్ అన్నదీ ఇదే, ఇప్పుడు ఈ ముసలిది అంటున్నదీ ఇదే. చిన్నది, కాబట్టి లేదు. అందరూ ఎంత సులువుగా అనేస్తారో! నోరు తెరిస్తే ఏడుపొచ్చేస్తుందని భయం వేసింది. బల్ల దగ్గరికి వెళ్ళి గుడ్డ మడత విప్పాను.

ఒల్ఫా గడ్డమే. కనుబొమ్మలు ఇంకా సరిగా రాలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఎందుకు చేశానో తెలియదు, చిటికెనవేలు తడిపి పై చిగురు మీద పెట్టాను. ఇన్నేళ్ళుగా ఈ మొగ్గల్ని బూడిదలోంచే ఏరాను, పట్టకారుతో పట్టాను, వెర్నియర్ కొలబద్ద కొక్కేల మధ్య పెట్టి కొలత చదివాను. చిగురు కింద ఉండగా ఎప్పుడూ తాకలేదు. మెత్తటి చిగురు మీద చిన్న చిన్న ఎత్తులు వేలికి తగిలాయి. ముందు పళ్ళు ఇక్కడ, కోరపన్ను ఇక్కడ, దవడపన్ను ఇక్కడ. అన్నీ వాటి వాటి చోట్ల తయారవుతున్నాయి. పనిలో ఉండగా ఎవరో దీపం ఆర్పేసినట్టుంది. నాకు ఆ కుండలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వాటిలో ప్రతి బిడ్డకీ ఒక ఒల్ఫా ఉండే ఉంటుంది. పూసలు వేసింది ఎవరు మరి? మూత పెట్టింది ఎవరు? వాళ్ళనీ ఎవరో గుమ్మంలో నిలబెట్టి ఏడ్చిందా లేదా అని అడిగే ఉంటారు.

అప్పుడే శేఖ్ బూరావీ వచ్చాడు. ఒకప్పుడు మా అక్కచెల్లెళ్ళిద్దరికీ లెక్కలు చెప్పిన మాస్టారు ఆయన. రిటైరయ్యాక మసీదు చూసుకుంటున్నాడు. లెక్కల్లో ఎంత చాదస్తమో దీన్లోనూ అంతే. గొడుగు మూసి, చెమట తుడుచుకుని, గుమ్మం బయటే ఆగాడు.

"అల్లా మీకు ఓర్పునివ్వాలి. బిడ్డ ఏడ్చిందా?" అని లస్సాద్‌ని అడిగాడు.

"లేదు శేఖ్" అన్నాడు లస్సాద్.

"తల్లి ఏడ్చిందంటోంది" అన్నాను లోపలి నుంచి.

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "నజీహావా? లోపల ఉన్నావా? తల్లి ఏమంటోంది, సరిగ్గా చెప్పు. కదిలిందంటోందా, తుమ్మిందంటోందా? కదలడం, తుమ్మడం లెక్కలోకి రావు తల్లీ. ఏడుపు వినపడాలి."

"ఏడ్చిందనే అంటోంది."

"తల్లి మాట ఒక్కటే చాలదమ్మా. ఆమె ఉన్న స్థితి అటువంటిది, తప్పు పట్టను. కానుపు గదిలో మగవాళ్ళుండరు కాబట్టి ఇలాంటి వాటిల్లో ఇద్దరు ఆడవాళ్ళు చెప్తే ఒప్పుకుంటాం. తల్లి ఒకరు. రెండో మనిషి ఎవరున్నారు?"

దౌజా అత్త పేలికలు మడతపెడుతూ ఆగిపోయింది. లస్సాద్ లేచి నిలబడ్డాడు, ఇక కానిద్దాం అన్నట్టు. నా వేలు ఇంకా ఆ చిగురు మీదే ఉంది.

నా జీవితంలో కొలవని అంకె ఒక్కటీ రాయలేదు. సందేహం ఉన్నచోట 'చెప్పలేం' అని రాశాను, దాని కోసం డైరెక్టర్లతో తిట్లు తిన్నాను, ప్రమోషన్లు పోగొట్టుకున్నాను. ఇక్కడ కూడా నిజం చెప్పాలంటే ఆ మాటే చెప్పాలి. 'చెప్పలేం' అంటే శేఖ్ ఏం చేస్తాడో నాకు తెలుసు. సందేహం మీద నమాజు చదవడు. 'చెప్పలేం' అంటే గోడపక్కనే.

"నేనున్నాను" అన్నాను.

"నువ్వా?"

"తలుపు బయటే ఉన్నాను. నర్సు డాక్టరు కోసం పరిగెత్తింది. అప్పుడు ఏడ్చింది. విన్నాను."

శేఖ్ బూరావీ నా వైపు కాకుండా నేల వైపు చూశాడు. "నజీహా, నువ్వు చిన్నప్పటి నుంచీ ఒక్క మార్కు ఎక్కువేసినా వచ్చి తిరిగి ఇచ్చేసిన పిల్లవి. అందుకని ఒక్కసారే అడుగుతాను. విన్నావా?"

"విన్నాను."

"సరే. నీళ్ళు పెట్టండి" అన్నాడు.

అంతే. అంత పెద్ద మాట అంత సులువుగా అయిపోయింది. తప్పు చేశానని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. భయం మాత్రం వేసింది.

దౌజా అత్త నా దగ్గరికి వచ్చి నా భుజం మీద ఒక్కటిచ్చింది, గట్టిగానే. "ముదనష్టపుదానా, వచ్చీరాగానే చెప్పొచ్చు కదే! నేను దాన్ని పేలికల్లో చుట్టబోయాను కదే!" అని భోరుమంది. "నా మనవరాలు ఏడ్చిందా? నిజంగానా? ఎనిమిది మందిని కన్నదాన్ని, నాకు తెలీలేదు చూడు." అప్పటిదాకా రాయిలా ఉన్న మనిషి, పెట్టె తెరిచి తన కోసం దాచుకున్న తెల్లగుడ్డ తీసి చింపింది. మక్కా నుంచి తెప్పించుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా దాచుకున్న గుడ్డ అది. చేపకన్నా చిన్న ఒంటికి ఎంత కావాలి? ఆమె మాత్రం చాలా చింపింది.

ఇద్దరం కలిసి స్నానం చేయించాం. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో అత్త మోచేత్తో రెండుసార్లు చూసింది, బతికున్న బిడ్డకి చూసినట్టే. శేఖ్ గుమ్మం బయటి నుంచి పేరు అడిగాడు. దుర్రా అని చెప్పాను. దుర్రా బింత్ లస్సాద్, లస్సాద్ కూతురు దుర్రా, అని ఆయన పెద్దగా పలికాడు. లస్సాద్ ఆ మాట విని గోడకి తల ఆనించాడు. అంతవరకూ ఏడవని మనిషి, వాకిట్లో అందరి ముందూ ఏడ్చాడు. తర్వాత వచ్చి నా చేతుల్లోంచి బిడ్డని తీసుకుని తనే గుండెకి పెట్టుకుని బయల్దేరాడు. వెనకాల జాలర్లు నడిచారు.

మాలో ఆడవాళ్ళు వెంట వెళ్ళరు. నేను మేడ మీదికి ఎక్కి చూశాను. గోడవారగా కాదు, లోపల సమాధుల మధ్య ఆగారు. వరసలో నిలబడి నమాజు చదివారు. గాలికి వాళ్ళ చొక్కాలు ఎగురుతున్నాయి. ఒకచోట కూర్చుందామంటే నాకు కుదరలేదు, ఆ మేడ మీదే ఇటూ అటూ తిరిగాను. శేఖ్ నన్ను నమ్మాడా, నమ్మినట్టు ఊరుకున్నాడా అన్నది ఒకటే తొలిచేస్తోంది. నమాజు చదివించినవాడు ఆయన. చెడింది నా లెక్కే అయితే అది నా నెత్తిమీదే ఉండనీ అనుకున్నాను.

ఆస్పత్రికి వెళ్ళే దారిలో మళ్ళీ సీ ముఖ్తార్.

"పోయిందట కదా, ఇప్పుడే తెలిసింది. క్షమించు నజీహా, పొద్దున నేను..." అని ఆగాడు. కాసేపు అటూ ఇటూ నసిగి, "బోర్డు సంగతి ఏం చెయ్యమంటావు? నువ్వేం చెప్తే అదే" అన్నాడు.

"తెలియదని రాయండి."

"ఊరంతా చూస్తారు. బోర్డు మీద తెలియదని ఎవరైనా రాస్తారా? ఒక్క అంకె ఇస్తే నీ సొమ్మేం పోతుంది?"

"ఇవాళ్టికి ఇవ్వగలిగింది ఇచ్చేశాను. ఇంక లేదు" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. కాకపోయినా ఈసారి వాదించలేదు. వీళ్ళని ఎవరో పూసలు వేసి సాగనంపారు, ఎలా పోయారో మాకు తెలియదు, అని రాయించమన్నాను. రాసుకున్నాడు.

ఒల్ఫా నిద్రపోలేదు. మంచం పక్కన నర్సు ఎవరో పెట్టిన సూప్ చల్లారిపోయి ఉంది. నన్ను చూడగానే మోచేతుల మీద లేవబోయింది. పడుకోబెట్టి అంతా చెప్పాను. కఫన్, స్నానం, నమాజు, సమాధుల మధ్య చోటు, దుర్రా బింత్ లస్సాద్. దౌజా అత్త తన తెల్లగుడ్డ చింపిందని చెప్తే నమ్మలేదు. "ఆ పీనాసిది చింపిందా?" అంది. ఆ తర్వాత నా మొహంలోకి చూసింది.

"శేఖ్ ఎలా ఒప్పుకున్నాడు?" అంది.

"ఇద్దరు చెప్తే చాలన్నాడు. నువ్వూ నేనూ."

"నువ్వా?"

"నేను విన్నానని చెప్పాను."

ఒల్ఫా చెయ్యి చాచి నా చెయ్యి కోసం దుప్పటి మీద తడిమింది.

"నిజంగా విన్నావా?"

నేను జవాబు చెప్పేలోపే అది మళ్ళీ అందుకుంది. "ఎందుకంటే నేను వినలేదక్కా. నేను అబద్ధం చెప్పాను. నా పొట్ట మీద పెట్టారు. వెచ్చగా ఉంది. నోరు తెరిచింది, నేను చూశాను. కానీ నాకేమీ వినపడలేదు. నా చెవుల్లో అంతా హోరు. ఏడ్చిందో లేదో నాకు తెలీదు. ఈసారి కూడా పేరు లేకుండా పోతుందని... అందుకని అనేశాను. నీతో కూడా అబద్ధం చెప్పి పంపించాను. పొద్దుటి నుంచీ అదే నన్ను తినేస్తోంది, అబద్ధపు సాక్ష్యం మీద నమాజు చదివిస్తున్నానని." ఊపిరి అందక ఆగింది. కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది. "నువ్వు విన్నావు కదా! అంటే ఏడ్చింది. నాకు వినపడకపోయినా ఏడ్చింది. కదక్కా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో ఎవరి బిడ్డో, బతికున్న బిడ్డ, గుక్క పట్టి ఏడుస్తోంది. నేను నా చెల్లెలి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఏడ్చింది" అన్నాను.

"ఎలా ఏడ్చింది?"

"ముందు చిన్నగా. గొంతు సవరించుకున్నట్టు. తర్వాత గట్టిగా."

"గట్టిగానా? అంత చిన్నది?"

"గట్టిగానే. కోపంగా. ఇంత ఎండలో బయటికి లాగితే ఎవరికి రాదు కోపం?"

ఒల్ఫా నవ్వింది. నవ్వుతూనే మొహం దిండులో దాచుకుని ఏడ్చింది. నేను దాని వీపు రాస్తూ కూర్చున్నాను. ఎంతసేపటికో ఇటు తిరిగింది. జుట్టంతా మొహానికి అంటుకుపోయింది.

"ఇంకోసారి చెప్పక్కా" అంది.

మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.